నిల్వ లేని వ్యాపారం, నిల్వ ఉండని కాలం
ఆర్డరు వచ్చాకే చొక్కానో కప్పునో ముద్రించి నేరుగా కొనుగోలుదారునికి పంపే ప్రింట్ ఆన్ డిమాండ్ పద్ధతిలో సరుకు నిల్వ చేయనక్కరలేదు గనుక, ఉద్యోగం చేస్తూ దీనిని చేపట్టేవారు సమయం కూడా పెద్దగా అక్కరలేదని భావించడం పొరపాటు. ముద్రణ, ప్యాకింగు, రవాణా తిరుప్పూరులోనో మరోచోటో ఉన్న సంస్థ చూసుకున్నా, డిజైను గీయడం, నమూనా తెప్పించి రంగూ కొలతా సరిచూడడం, ఫిర్యాదులకు బదులివ్వడం యజమాని బాధ్యతలే; తెలుగు అక్షరాలున్న డిజైన్లలోనైతే ఫాంటు మారినప్పుడు వత్తులు విడిపోయే ప్రమాదం ఉన్నందున నమూనా పరిశీలనను ఎంతమాత్రం కుదించరాదు. అలసట లేని తెల్లవారుజాము గంట డిజైనుకే దక్కాలి; ఆన్‌లైన్ దుకాణం లోగోను పదేపదే మార్చడం పనిలా కనిపించే కాలహరణమే. సంక్రాంతికి అమ్మదలచిన బొమ్మను, ముద్రణకూ కొరియరుకూ పట్టే రోజులను వెనుకకు లెక్కగట్టి, కార్తీకంలోనే పూర్తిచేయడం మేలు.