పాఠపరిష్కరణమున మార్పుల చరిత్ర

ప్రాచీనకావ్యములను పరిష్కరించువారు పాఠభేదములను అధోజ్ఞాపికలలో చూపుట పరిపాటి. పుణెలోని భండార్కర్ ప్రాచ్యపరిశోధన సంస్థ 1919లో ఆరంభించి 1966లో ముగించిన మహాభారత సంశోధిత ముద్రణము ఇందుకు మేలుబంతి. వ్రాతప్రతుల భేదములు ఇట్లు దక్కుచున్నవి. కాని పరిష్కర్తలు పని నడుమ చేసిన మార్పులు సాధారణముగా దక్కుటలేదు. ఒకరు నిర్ణయించిన పాఠమును వేరొకరు మార్చినచో, మొదటి నిర్ణయమును, దాని హేతువును అచ్చుప్రతిలో కానరావు.

ఈ లోపమును తీర్చు సాధనము నేడు కలదు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ నిర్మాణమునకై రూపొందించిన ‘గిట్’ ప్రతి మార్పును, చేసినవారి పేరు, కాలము, వివరణలతో భద్రపఱచును. ఎవరి ప్రతిలో వారు పనిచేసి పిదప కలుపవచ్చును. ఒకే పంక్తిని ఇరువురు వేర్వేరుగా దిద్దినచో, అది తాను తీర్పు చెప్పక నిర్ణయమును పరిష్కర్తలకే విడుచును.

అయితే ఇది పంక్తులను పోల్చి చూచు సాధనము. కావున మూలమును యూనికోడులో, అలంకరణలు లేని సాదా అక్షరములలో, పాదమునకొక పంక్తిగా వ్రాసికొనవలయును. వర్డ్ పత్రములందు ఈ పోలిక చక్కగా సాగదు.

ఏమి మారినదో యంత్రము చెప్పును. ఏల మారినదో చెప్పజాలదు. యతి తప్పుటచేతనా, లేఖకుని పొరపాటని తోచుటచేతనా, వేరొక ప్రతి ఆధారముననా అనునది పరిష్కర్తయే వ్రాయవలయును. ‘దిద్దితిని’ అన్న ఒక్క మాట చాలదు. విశ్వవిద్యాలయములు పరిష్కృతగ్రంథముతోపాటు ఈ చరిత్రను కూడ కోరుట యుక్తము. అప్పుడే రాబోవు పరిశోధకులకు మన నిర్ణయములను పరీక్షించి, అంగీకరించుటకో నిరాకరించుటకో వీలు కలుగును.