ఇంటింటి న్యాయం: విప్పని కవర్లు

ఈ వారం వచ్చిన ఉత్తరాలలో గుంటూరు జిల్లా నుంచి ఒక తల్లి వ్రాసినది అన్నిటికంటే ముందు తీసుకుంటున్నాను. పేరు వెయ్యవద్దన్నారు, వెయ్యను. ఆమె వ్రాసినది ఇదీ:

"మా అబ్బాయి, కోడలు అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్నారు. గ్రీన్ కార్డు కూడా వచ్చింది. మొన్న వెళ్ళి నాలుగు నెలలు ఉండి వచ్చాను. ఒకనాడు కత్తెర కోసం సొరుగు లాగితే పన్నుల శాఖవారి కవర్లు పదకొండు కనిపించాయి. ఒక్కటీ విప్పలేదు! అడిగితే వాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఒక ఏడు ఉద్యోగం పోయి కాంట్రాక్టు పని చేశాడట, అందులో పన్ను ముందుగా కోసుకోలేదట. ఆ ఏటి రిటర్ను ఇద్దరి పేరా పంపాడు గాని డబ్బు కట్టలేదు. కోడలు చదవకుండానే సంతకం పెట్టింది. భయపడి తరువాతి రెండేళ్ళు రిటర్నే పంపలేదట. బాకీ నలభై వేల డాలర్ల దాకా ఉంటుందంటాడు. కోడలికి ఏమీ తెలియదు. వాణ్ణి జైల్లో పెడతారా? అన్నీ వదిలి ఇంటికి వచ్చెయ్యమననా? నా పేర ఉన్న రెండెకరాలు అమ్మి పంపనా?"

అమ్మా, మీ మూడు ప్రశ్నలకూ వరుసగా చెబుతాను.

మొదటిది జైలు. పన్ను బాకీ పడడం అమెరికాలో నేరం కాదు, అది అప్పు. లెక్కలు దాచి మోసం చెయ్యడం నేరం. కావాలని రిటర్ను పంపకపోవడమూ నేరమే. అందుచేత మీ అబ్బాయి మొదట చెయ్యవలసిన పని డబ్బు కట్టడం కాదు, ఆ రెండేళ్ళ రిటర్నులూ పంపడం. చేతిలో డాలరు లేకపోయినా పంపాలి. ఎందుకంటారా? రిటర్ను ఆలస్యమైతే కట్టవలసిన పన్ను మీద నెలకు నూటికి 5 చొప్పున, 25 దాకా జరిమానా పెరుగుతుంది. రిటర్ను పంపి డబ్బు మాత్రం కట్టకపోతే నెలకు నూటికి అర మాత్రమే. వడ్డీ ఎటూ తప్పదు. "డబ్బు చేరాక పంపుదాం" అనుకునేవాడు తెలియకుండానే ఎక్కువ ఖరీదైన దారి పట్టినట్లు.

రెండవది ఇంటికి వచ్చెయ్యడం. ఆ మాట అననే అనకండి. పన్ను నిర్ణయమైన నాటి నుంచి పదేళ్ళలోగా వసూలు చేసుకోవాలని అక్కడి చట్టం. కాని మనిషి ఏకధాటిగా ఆరు నెలలో, అంతకు మించో దేశం బయట ఉంటే ఆ గడువు లెక్క ఆగిపోతుంది. సముద్రం దాటినంత మాత్రాన బాకీ తీరదు. పైగా రేపు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టేటప్పుడు పన్ను బాకీలున్నాయా అని అడుగుతారు. వాయిదాలు సక్రమంగా కడుతున్నానని కాగితం చూపించగలిగితే ఒక తీరు, పారిపోయి తిరిగి వచ్చినవాడైతే ఒక తీరు.

మూడవది పొలం. ఇప్పుడే అమ్మకండి. రిటర్నులు పూర్తయ్యాక పన్ను, జరిమానా, వడ్డీ అన్నీ కలిపి 50,000 డాలర్లు మించకపోతే నెలవారీ వాయిదాలకు ఇంటర్‌నెట్టులోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. అంతకుముందు మూడేళ్ళూ సక్రమంగా నడచినవాడైతే మొదటి తప్పు కింద జరిమానా రద్దు చెయ్యమని అడగవచ్చు. తిండికీ ఇంటి అద్దెకూ పోగా ఏమీ మిగలని వారికి కొంతకాలం వసూలు ఆపుతారు, వడ్డీ మాత్రం నడుస్తుంది. ఆస్తీ రాబడీ కలిపి చూసినా బాకీ తీరదని తేలితే తక్కువకు రాజీ పడే పద్ధతి కూడా ఉంది. దానికి రుసుము 205 డాలర్లు, ఆదాయం తక్కువైన వారికి ఆ రుసుము లేదు. అయితే ఇద్దరూ ఉద్యోగస్తులైన మీ పిల్లలకు ఆ రాజీ దొరకడం కష్టం. "రూపాయి బాకీని అణాకు తీరుస్తాం" అని ప్రకటనలు వేసి ముందుగానే ఫీజు గుంజేవారు ఉంటారు, జాగ్రత్త. రాజీ కోరేవారు ప్రపంచంలో ఎక్కడ ఆస్తి ఉన్నా చెప్పాలి. పొలం మీ పేర ఉంటే అది అబ్బాయి ఆస్తి కాదు. అతని పేర ఏదైనా ఉంటే దాన్ని ఇప్పుడు మీ పేరకు మార్చే ఆలోచన మాత్రం చెయ్యకండి. అలా చేస్తే అప్పు కాస్తా మోసం అవుతుంది.

ఇక ఆ కవర్లు. పదకొండిటిలో ఏది ఆఖరు నోటీసో తెలియదు కదా! జీతం మీదా, బ్యాంకు ఖాతా మీదా చెయ్యి వేయబోయే ముందు శాఖవారు ఆఖరు నోటీసు పంపుతారు. దాని తేదీ నుంచి 30 రోజులలో విచారణ కోరవచ్చు. ఆ హక్కు 1998 చట్టం ఇచ్చింది. విచారణ కోరితే సాధారణంగా ఆ జప్తు ఆగుతుంది. ఖాతా జప్తు అయినా బ్యాంకు 21 రోజులు ఆ సొమ్మును తనవద్దే నిలిపి ఉంచుతుంది. కవరు విప్పనివాడికి ఈ గడువులు ఉన్నట్టే తెలియదు.

కోడలి సంగతి చివర వ్రాశారు గాని నా మనసులో అదే మొదటిది. ఉమ్మడి రిటర్ను మీద సంతకం పెట్టిన ఇద్దరిలో ఒక్కొక్కరూ మొత్తం బాకీకి బాధ్యులే. భర్త కట్టకపోతే ఆమె జీతాన్నీ పట్టుకోవచ్చు. తెలియక సంతకం పెట్టిన భార్య విడుదల కోరడానికి చట్టంలో దారి ఉంది, తప్పక ఇస్తారని మాత్రం కాదు. ఏది కోరాలన్నా ముందు ఆమెకు తెలియాలి కదా! ఆమె నుంచి దాచడంలో మీరు సాయపడకండి. అత్తగారు కూడా తెలిసి ఊరుకున్నదని రేపు తెలిస్తే ఆ గాయం ఏ వాయిదాలతోనూ తీరదు.

మీ ప్రాంతం నుంచే మరొక సోదరి అడిగారు: "పన్నుల శాఖ నుంచని ఫోను చేసి, గంటలో గిఫ్టు కార్డులు కొని నంబర్లు చెప్పకపోతే అరెస్టు అంటున్నారట. మా అల్లుడు కట్టెయ్యనా అంటున్నాడు."

వద్దు! నిజమైన శాఖవారు సాధారణంగా ముందు ఉత్తరం వ్రాస్తారు. గిఫ్టు కార్డులు ఎన్నడూ అడగరు. ఇలాంటి ఫోన్లు చేసే ముఠాను 2016లో మన బొంబాయి పక్కన ఠాణాలోనే పోలీసులు పట్టుకున్నారు.

అమ్మా, ఈ పత్రిక మీకు అందిన రోజునే అబ్బాయికి ఫోను చెయ్యండి. భార్యాభర్తలిద్దరినీ బల్ల దగ్గర కూర్చుని కవర్లు తేదీల వరుసన విప్పమనండి. తరువాత ఆ కాగితాలతో పన్నుల న్యాయవాది దగ్గరకో, లైసెన్సు ఉన్న అకౌంటెంటు దగ్గరకో వెళ్ళమనండి. రెండెకరాలు ఎక్కడికీ పోవు. ఆఖరు నోటీసు వచ్చి ఉంటే మాత్రం ఆ ముప్ఫయి రోజులు ఆగవు.