బడికి ఏ తరిమెన?

తరిమెన అనే తెలుగు మాట క్రమంగా నిఘంటువుకు పరిమితమై, దాని స్థానాన్ని లేతు ఆక్రమించినది. కర్రను గిరగిర త్రిప్పుతూ, ఉలి ఆనించి గుండ్రంగా చెక్కే సాధనమే అది. 6 నుంచి 8 తరగతుల పిల్లలు పదిరోజుల పాటు సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటివారి వద్ద పని నేర్వవలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానం చెప్పినది. ఆ మాటను మనసుకు పట్టించుకున్న ఉపాధ్యాయుడు బడికొక చిన్న తరిమెన కొనదలచుట వింత కాదు.

కొనబోయేవాడు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, దీనిలో ఎంత పొడవు కర్ర పడుతుందని. అడగవలసినదే గాని, మొదట అడగవలసినది అది కాదు. ఇది ఎంత మెల్లగా తిరుగుతుంది? ముందు తేలవలసినది ఇదే.

కారణం లెక్కల మాస్టారు నల్లబల్ల మీద చూపగలరు. 10 అంగుళాల వ్యాసంగల గిన్నె నిమిషానికి 1000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు దాదాపు 48 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతుంది. అన్నే చుట్లు తిరిగే అంగుళం బొంగరపు అంచు 5 కిలోమీటర్లయినా అందుకోదు. అందుచేతనే పనివారు ఒక మోటు లెక్క పెట్టుకున్నారు: వ్యాసపు అంగుళాలను నిమిషపు చుట్లతో గుణిస్తే 6000కు, 9000కు నడుమ రావలెను. 3 అంగుళాల కర్రకు 2000 నుంచి 3000 చుట్లు. 10 అంగుళాల గిన్నెకు 600 నుంచి 900. అదైనా కర్ర గుండ్రమై తూకం కుదిరిన తరువాతి మాట. మూలలు పోని మొద్దును ఇంకా మెల్లగా ప్రారంభించవలెను. 750కి దిగువకు రాని యంత్రం మీద అటువంటి మొద్దును ఎక్కిస్తే యంత్రమూ, బల్లా, చూచేవారి గుండే అదురుతవి. 500కైనా దిగని తరిమెనను గిన్నెల పనికి కొనరాదు.

తరువాతిది బరువు. చౌక యంత్రాలలో పీఠం రేకుతోనో గొట్టాలతోనో చేసి ఉంటుంది. అది వణికితే ఉలి వణుకుతుంది, ఉలి వణికితే నేర్చుకునేవాడు తన చేతిని నిందించుకుంటాడు. పోత ఇనుప పీఠంతో 10 అంగుళాల వ్యాసం, 18 అంగుళాల పొడవు పట్టే యంత్రం బడికి చాలు. బల్లకోళ్ళు దానిలో పట్టవు; పట్టనక్కరా లేదు. పాతది దొరికినా తీసుకొనవచ్చును. కాని రెండు వైపుల మొనలనూ దగ్గరకు జరిపి చూడవలెను. అవి సూటిగా ఎదురుబడకుంటే ధర ఎంత తగ్గించినా వెనుదిరగవలెను.

పెద్ద యంత్రం లేనిదే మంచి పని రాదనేవారు ఏటికొప్పాక బొమ్మను ఒకసారి చేత పట్టుకొని చూడవలెను. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరిలో అంకుడు కర్రను తరిమెన పట్టి చేసే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. వాటిలో అనేకం అరచేతిలో ఇమిడేవే. తిరిగే కర్రకు లక్కను ఆనిస్తే, రాపిడి వేడికే కరిగి రంగు పట్టుకుంటుంది. ఘర్షణ పాఠానికి ఇంతకు మించిన ఉదాహరణ సైన్సు మాస్టారికి దొరకదు.

డబ్బంతా యంత్రానికే పెట్టుట పెద్ద పొరపాటు. ఉలులు కావలెను, వాటిని మాటిమాటికి పదును పెట్టేందుకు సానరాయి యంత్రం కావలెను. మొద్దు ఉలి కర్రను కోయదు, చీరుతుంది. ఒక్కోసారి చిక్కుకొని చేతిని విసరికొడుతుంది. పొడవు కర్రను గుండ్రం చేసే వెడల్పు గాడి ఉలిని గిన్నె మీద ఎన్నడూ పెట్టరాదు. దాని పిడిలోని సన్నని కాడ విరగవచ్చును. ముఖమంతా కప్పే పారదర్శక కవచం తప్పనిసరి; కళ్ళజోడు చాలదు. చేతితొడుగులు వేసుకొనరాదు. చున్నీ, విడిచిన జడ, వదులు చేతుల చొక్కా ఆ యంత్రం దరికి రాకూడదు. ఈ మాట చెప్పుటకు మొగమాటపడే ఉపాధ్యాయుడు తరిమెన కొనకుండుటే మేలు.

ఇక మిగిలిన చిక్కు, యంత్రం ఒకటి, పిల్లలు నలభైమంది. ఉలి పట్టేది ఒక్కరే గనుక నలుగురి చొప్పున జట్లు కట్టించవలెను: ఒకరు యంత్రం వద్ద, ఒకరు తరువాతి ముక్కకు నడిమి గుర్తు పెడుతూ, ఒకరు పూర్తయిన బొంగరాన్ని కొలుస్తూ, నాలుగవవారు మీట దగ్గర నిలబడి. ఆ మీట నిలబడినవారి చేతికి అందే చోట ఉన్నదో లేదో కొనేనాడే చూచుకొనవలెను.