పుట్టలో పాలు సరే, పీహెచ్‌సీలో మందు సంగతేంటి?

నాగుల చవితి వస్తే మన గ్రూపులో ఏటా ఒకటే గొడవ. ఒకరు “ఇది మన పండగ కాదు, మైదానపోళ్లది” అంటారు. ఇంకొకరు “నాగులంటే మనమే, అది మన వంశం” అంటారు. బారెడు పోస్టులు. పాముకాటు గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు.

పలాస, టెక్కలి నుంచి ఉద్దానం దాకా ఆ రోజు ఎలా ఉంటుందో మనకు తెలుసు. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పుట్ట చుట్టూ పసుపు కుంకుమలు, చిమ్మిలి, చలిమిడి, కోడిగుడ్డు, పాలు. దీపావళికి మిగిల్చిన టపాసులు గుంటలు అక్కడే పేలుస్తారు. పాము పాలు తాగే జంతువు కాదు. నేల అదిరితే మాత్రం దానికి ఒళ్లంతా తెలుస్తుంది. దాని ఇంట్లో పాలు పోసి, గుమ్మంలో బాంబు పేల్చడం ఏం పూజో మరి! మర్నాడు అదే పాము కళ్లంలో కనపడితే కర్ర తీస్తాం.

వంశం అనేవాళ్లకు ఒక మాట. భారతంలో తక్షకుడు, అతనివాళ్లు ఉన్న చోటు ఖాండవవనం. దాన్ని కాల్చడానికి అగ్నికి కృష్ణార్జునులు తోడు నిలబడ్డారు. ఆ మంటల్లో కొడుకును దాటించబోయి తక్షకుడి భార్య చచ్చిపోయింది. తర్వాత అర్జునుడి మునిమనవడు జనమేజయుడు సర్పయాగం పెడితే, నాగకన్య కొడుకు ఆస్తీకుడు వెళ్లి ఆపించాడు. ఆయన అడిగింది తనవాళ్ల ప్రాణాలు, పాలు కాదు. మనమూ అదే అడగాలి కదా?

మేం హాస్టల్లో నేల మీద చాపేసుకుని పెరిగినవాళ్లం. కట్లపాము రాత్రి పూట కరిచేది ఎక్కువగా అలా పడుకున్నవాళ్లనే. నొప్పి పెద్దగా ఉండదు, గాటు సరిగా కనపడదు. తెల్లారి కడుపునొప్పి, తర్వాత కళ్లు మూతలు పడడం, ఆ తర్వాత ఊపిరి. మేం ఏడో తరగతిలో ఉండగా మాతో పడుకున్న ఒక తమ్ముడికి ఇలాగే అయింది. అన్నం అరగలేదన్నారు. తర్వాత మంత్రం వేసే తాత దగ్గరికి తీసుకెళ్లారు. ఆస్పత్రికి చేరేసరికి మధ్యాహ్నం దాటిపోయింది. వాడి ట్రంకుపెట్టె నెల రోజులు మా గదిలోనే ఉంది.

తాతను తిట్టడానికి ఇది రాయడం లేదు. అర్ధరాత్రి కొండ మీద తలుపు తీసేది ఆయనొక్కడే. విషం ఎక్కని కాట్లు కూడా చాలా ఉంటాయి, అవి మంత్రంతో తగ్గాయని అందరం నమ్ముతాం. కానీ విషం ఎక్కితే పనిచేసేది ఒక్క ఇంజెక్షనే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, నాలుగింటికీ ఒకటే మందు. రక్తపింజరి కాటుకు వైద్యం ఆలస్యమైతే కిడ్నీలు పోతాయి. కిడ్నీ పోతే ఏమవుతుందో ఉద్దానం వాళ్లకు మనం చెప్పాలా?

2000 నుంచి 2019 దాకా దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో పోయారని అంచనా. ఎక్కువమంది పోయిన రాష్ట్రాల్లో మనదీ ఉంది. 2030కల్లా ఈ చావుల్ని సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో ప్రణాళిక ప్రకటించింది. మందస, మెళియాపుట్టి కొండల నుంచి పలాసకో టెక్కలికో దిగేలోపే ఊపిరి ఆగిపోతే ఆ ప్రణాళిక ఎవరికి?

ఈ చవితికి ఎవరి నమ్మకం వాళ్లది, పుట్టకు వెళ్లేవాళ్లు వెళ్లండి. ఆ వారంలోనే మీ ఊరి పీహెచ్‌సీకి కూడా వెళ్లి, పాము మందు ఎన్ని సీసాలుంది, రాత్రి డ్యూటీలో ఎవరుంటారు అని అడగండి. హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు మంచాలు, దోమతెరల కోసం అర్జీ రాయండి, మేం సంతకాలు పెట్టిస్తాం. ఊరి పేరు, వాళ్లు చెప్పిన జవాబు ఈ పోస్టు కిందే పెట్టండి.