ఉత్తుత్తి తాంబూలాలు

ఈ మధ్య ఒక నవలల పోటీకి న్యాయనిర్ణేతలుగా కూర్చున్నాం. ఎవరు పెట్టిన పోటీ, ఎవరి పేరిట బహుమతి అన్నది ఇక్కడ అనవసరం. వడపోతలో మిగిలిన రాతప్రతుల్లో ఒకటి ఉత్తుత్తి నిశ్చితార్థం కథ. వేల కోట్ల ఆసామికి తాతగారి వీలునామా గడువు ముంచుకొస్తోంది. ఆరు నెలలపాటు నలుగురికీ చూపించుకోడానికి ఒక కాబోయే భార్య కావాలి. ఎల్బీనగర్‌లో మందుల షాపులో బిల్లులు కొట్టే పిల్లకి తండ్రి ఆపరేషన్‌కి డబ్బు కావాలి. ఇద్దరూ కాగితం రాసుకుంటారు. ఆ పైన ఏం జరుగుతుందో మీకు తెలుసు, మాకు తెలుసు, రాసినావిడకీ తెలుసు. కమిటీలో పెద్దాయన పది పేజీలు తిరగేసి, కట్టని బల్ల అవతలికి నెట్టి, "దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ సరుకండీ" అన్నారు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. ఆ నవ్విన పాపానికే ఈ నెల సంపాదకీయం.

ఆ పెద్దాయన ఎప్పుడైనా ఆ సందుల్లో తిరిగారని మేమనుకోం. నల్గొండ, సూర్యాపేట బస్సులు నగరంలోకి వచ్చే గుమ్మం ఎల్బీనగర్. దిగిన పిల్లలు చైతన్యపురి, కొత్తపేట, గడ్డిఅన్నారం సందుల్లో మంచానికింత అని కట్టి గ్రూప్స్‌కీ, బ్యాంకు పరీక్షలకీ, సాఫ్ట్‌వేర్ కోర్సులకీ కుస్తీ పడతారు. 2018 సెప్టెంబరులో మెట్రో ఎల్బీనగర్ దాకా వచ్చింది. మియాపూర్ వరకూ 27 స్టేషన్లు. అయితే ఆ ఎర్ర లైనులో ఎంతసేపు కూర్చున్నా కథానాయకుడి ఇల్లు రాదు. అమీర్‌పేటలో దిగి నీలం లైను ఎక్కాలి. ఈ నవలల్లో సగం ఆ రైలు మారడంతోనే మొదలవుతాయి.

సరుకేమిటో చూద్దామని మా చందాదారు ఒకరి అమ్మాయి ఉండే హాస్టల్‌కి ఒక ఆదివారం వెళ్లాం. మగవాళ్లని మెట్లు ఎక్కనివ్వరు. కింద మెస్ హాల్లో కూర్చోబెట్టారు. గోడ వారన వరసగా ప్లాస్టిక్ బకెట్లు, ప్రతి దాని మీదా గోళ్ల రంగుతో ఒక పేరు. మెట్ల కింద చెప్పుల గుట్ట. పాలిటీ, ఎకానమీ, అరిథ్‌మెటిక్ అని గళ్లు గీసిన టైంటేబుల్ పక్కనే రాత్రి తొమ్మిదికి గేటు మూస్తామన్న నోటీసు. ఆ అమ్మాయి స్నేహితురాలు ఒకామె ఇయర్‌ఫోన్ తీసి మెడలో వేసుకుని వచ్చింది. రోజూ దీపాలార్పాక ఫోన్‌లో ఇలాంటి కథే ఒక భాగం వింటుందట. రోజుకొకటి ఉచితం, తర్వాతి భాగానికి తొందరైతే కాయిన్లు కొనాలి; ఆమె ఎన్నడూ కొనలేదు.

"అంతగా ఏముందమ్మా అందులో?" అని అడిగాం.

"కాగితం ఉంటది సార్."

"ఏం కాగితం?"

"అగ్రిమెంటు. ఆ పిల్ల కూసోని మొత్తం చదువుతది. నచ్చని లైను కొట్టేయిస్తది. నాకు పోయినేడు పూలుపండ్లు అయినయి సార్. ఆళ్లు మాట్లాడుకునేటప్పుడు నేను పక్క రూంల ఉన్న. ఎంతకు తెగిందో మా తమ్ముడొచ్చి చెప్పిండు."

తర్వాత అవతలివాళ్లు ఇంకో రెండు లక్షలన్నారట, తండ్రి తన వల్ల కాదన్నాడట, సంబంధం చెడిందట. ఇదంతా చెబుతున్నంతసేపూ ఆమె ఇయర్‌ఫోన్ తీగ ముడి విప్పుతూనే ఉంది.

కోటీశ్వరుడి బంగళా, కారు, వజ్రపుటుంగరం చూసి ఆడపిల్లలు కలల్లో తేలిపోతున్నారని మన విమర్శ. ఆ పిల్ల వాటి ఊసే ఎత్తలేదు. ఆమె చెవి నిలిచింది షరతుల దగ్గర. గడువు ఇంత, సొమ్ము ఇంత, గదులు వేరు, చెయ్యి పట్టుకుంటే నలుగురి ముందే, గడువు తీరాక ఎవరి దారి వారిది. ఇప్పుడు మన ఇళ్లలో నిజం నిశ్చితార్థం తలుచుకోండి. అక్కడా బేరముంది, సొమ్ముంది, గడువుంది. లాంఛనాలు, పెట్టుపోతలు, ఆడబిడ్డ కట్నం, ఎన్ని తులాలు, బండా కారా, అన్నీ తెగ్గొట్టాకే తాంబూలాలు. 1961 నుంచీ కట్నం నేరం కనక ఆ చిట్టా మటుకు ఎక్కడా కాగితం మీద ఉండదు. మధ్యవర్తి నోట ఉంటుంది, రేపు మాట మారడానికి వీలుగా. పిల్లని పిలిచేది అంతా అయ్యాక, పీట మీద కూర్చోబెట్టి చీర పెట్టడానికి. 1955 హిందూ వివాహ చట్టానికి సప్తపది తెలుసు; నిశ్చితార్థం ఊసు లేదు. అంటే రెండు తాంబూలాలూ చట్టం ముందు ఒకటే. పిల్ల నోరు విప్పింది మాత్రం ఉత్తుత్తిదానిలోనే.

ఇది పడమటి నుంచి దిగిన జబ్బని, మిల్స్ అండ్ బూన్ ఎంగిలని కమిటీలో ఇంకొకాయన అన్నారు. ఆ కంపెనీ లండన్‌లో పుట్టింది 1908లో. విజయనగరంలో 'కన్యాశుల్కం' మొదటి ప్రదర్శన 1892లో. అగ్నిహోత్రావధాన్లు తాంబూలాలిచ్చేశాక ఆ ఇంట్లోవాళ్లకి మిగిలిన పనేమిటో మన పాఠకులకి చెప్పనక్కర్లేదు. కూతురు సుబ్బిని ఎవరూ అడగలేదు. తల్లి ఏడ్చినా ఆగలేదు. చివరికి ఆ పిల్లని కాపాడింది ఏమిటి? సంస్కర్తల ఉపన్యాసమా? మేనమామ కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం కట్టి, గుంటూరు శాస్తుల్లు పేరుతో పెళ్లికొడుకు లుబ్ధావధాన్లుకి అమ్మేసిన ఉత్తుత్తి పెళ్లి. మన భాషలో అంత గొప్ప నాటకం మరొకటి లేదని వందేళ్లుగా చెప్పుకుంటూ, అందులో కథ నడిపిన ఇరుసే ఇంకోచోట కనబడితే ముక్కు మూసుకుంటున్నాం.

ముప్ఫై ఏళ్లు తిరిగేసరికి శుల్కం పోయి కట్నం వచ్చింది. కాళ్లకూరి నారాయణరావు 'వరవిక్రయం'లో కాళింది బావిలో పడి చచ్చిపోతుంది. 1939లో సినిమాగా తీసినప్పుడు ఆ పాత్రతోనే భానుమతి తెరకి వచ్చింది. అందరికీ గుర్తున్నది ఆవిడే. మా దృష్టిలో నాటకానికి కథానాయిక చెల్లెలు కమల. పెళ్లి చేసుకుని, అత్తారింటికి వెళ్లనని భీష్మించింది. సొమ్ము పోసి కొన్నది మేము కనక కొన్న వరుడే మా ఇంటికి రావాలంది. ఒప్పందాన్ని అక్షరాలా చదివిన మొదటి తెలుగు పెళ్లికూతురు ఆమె. ఆ మందుల షాపు పిల్లకి ముత్తవ్వ వరస.

ఇక 1955లో 'మిస్సమ్మ'. అప్పాపురం జమీందారు బడికి మొగుడూపెళ్లాలైన పంతుళ్లు కావాలి. సావిత్రి వేసిన మేరీకి అప్పు తీర్చాలి, రావుకి పొట్ట గడవాలి. అప్పు తీరిందాకా మొగుడూపెళ్లాలం అనుకుని, నలుగురి ముందూ కాపురం నటించారు. ఇంటిల్లిపాదీ ఇప్పటికీ కూర్చుని చూస్తాం. 1996లో 'పవిత్ర బంధం'. ఆస్తిపరుడి కొడుకు వెంకటేశ్ ఏడాది ఒప్పందం మీద పెళ్లాడతాడు, ఇంటి ఇబ్బందులకి సౌందర్య తల వంచుతుంది. ఆడవాళ్లు ఏడ్చి ఏడ్చి హాళ్లు నింపారు. హిందీలోకీ వెళ్లింది. సావిత్రి చేస్తే కళాఖండం, సౌందర్య చేస్తే కుటుంబ కథాచిత్రం. హాస్టల్ గదిలో ఒక పిల్ల ఫోన్‌లో వింటే మాత్రం సరుకు!

ఈ కథల్లో హీరో రెక్క విరిచిపట్టుకోవడాన్నే ప్రేమంటారనీ, వందల భాగాలకి సాగదీసి కాయిన్లు గుంజుతారనీ అనేవాళ్లున్నారు. నిజమే, చెడ్డవి బోలెడు. మంచి మినీ కవితలు ఎన్నొస్తున్నాయో కాస్త లెక్కేసి చెప్పండి.

అసలు ఈ నవ్వు కొత్తది కాదు. యద్దనపూడి సులోచనారాణి నవలల్ని చూసీ ఇలాగే నవ్వారు. అద్దె లైబ్రరీల్లో ఆవిడ 'సెక్రటరీ' అట్టలు ఊడిపోయేదాకా తిరిగింది. 1973 ఒక్క ఏడాదే 'మీనా', 'జీవన తరంగాలు' రెండూ తెరకెక్కాయి, 1976లో 'సెక్రటరీ'. అందులో విమర్శకులకి కనబడింది కారు దిగే ఆరడుగుల రాజశేఖరం. జీతం పుచ్చుకుంటూనే యజమాని ముఖాన మాటకి మాట చెప్పిన జయంతి కనబడలేదు. ఆడవాళ్ల నవలలకి ఎంత గిరాకీ అంటే, ఆ రోజుల్లో మగ రచయితలు ఆడపేర్లు పెట్టుకుని సీరియళ్లు రాశారు. ఆ నకిలీ గురించి ఎవరూ సభ పెట్టలేదు. తెలుగులో 1955 నుంచి ఇస్తున్న కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం మొదటిసారి ఒక స్త్రీ చేతికి, ఇల్లిందల సరస్వతీదేవికి, వచ్చింది 1982లో. యద్దనపూడికి రాలేదు. 2018 మేలో ఆవిడ అమెరికాలో కన్నుమూశారు. ఇక రాదు.

అయ్యా, మీకు కంపరం కలిగించింది కథ కాదు. డబ్బు మాట ఆడపిల్ల నోట రావడం. అదే మాట పెళ్లికొడుకు మేనమామ నోట వస్తే దానికి లోకరీతి అని పేరు. 'పెళ్లి ఒక వ్యాపారం' అని వేదిక ఎక్కి దుమ్మెత్తిపోసిన అభ్యుదయవాదులే, తమ ఇంటి శుభకార్యానికి ఫంక్షన్ హాలు ఖర్చు ఎవరిదో అవతలివాళ్ల చేత చెప్పించుకున్న సందర్భాలు ఈ కలానికి తెలుసు. విందుల్లో మేమూ తిన్నాం. కనక ఎక్కువ మాట్లాడం.

ఈ నవలల మీద పెట్టాల్సిన అసలు ఫిర్యాదు ఒకటుంది. కమిటీలో ఎవరికీ తట్టలేదు, మాతో సహా. మేం లేవబోతుంటే హాస్టల్ పిల్లే అంది: "ఆఖరికి ఆ కాగితం చింపేస్తరు సార్. ప్రేమ కలిగిందని. అదొక్కటే నాకు నచ్చది. దాసిపెట్టుకుంటే ఏమైతది?"

ఇంటికొచ్చి ఆ రాతప్రతి తెప్పించుకుని, ఈసారి చివరిదాకా చదివాం. నిజమే. ఎల్బీనగర్ స్టేషన్ మెట్ల మీద, వానలో, అతను కాగితం ముక్కలు చేస్తాడు; ఆమె నవ్వుతూ చూస్తుంది. మూడొందల పేజీలు కలం పట్టుకుని తన షరతులు తాను రాసుకున్న పిల్ల, చివరి పేజీలో మళ్లీ సుబ్బి అయిపోయింది.

రచయిత్రి నంబరు కనుక్కుని ఫోన్ చేశాం. వచ్చే సంచిక నుంచి సీరియల్‌గా వేస్తామన్నాం. కాగితం చింపిన ఆ ఒక్క పేజీ మళ్లీ రాసిస్తారా అని అడిగాం. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆలోచించి చెప్తానండీ. ముందు మీ షరతులేమిటో, పారితోషికం ఎంతో, ఎన్నాళ్లలో ఇస్తారో కాగితం మీద పంపండి" అంది.

ఇన్నేళ్లలో ఈ పత్రికకి రాసినవాళ్లెవరూ అడగని మాట. లెటర్‌హెడ్ తీసి మొదలుపెట్టాం. పారితోషికం అన్న చోటుకి వచ్చేసరికి కలం ఆగింది. ఈ సంచిక అచ్చుకి వెళ్లేవేళకి కూడా ఆ కాగితం బల్ల మీదే ఉంది.