కిన్నెరకూ ఒక మైకుసెట్టు కావాలి

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

మాది దేవరకొండ అవతల ఒక పల్లె. పత్తి, పల్లికాయ వేస్తాం. పల్లి చేనుకు అడవిపందుల బాధ ఎక్కువ. అందుకని మా నాయన చేన్లో ఒక కర్ర పాతి దానికి చిన్న బ్యాటరీ మైకు కట్టిండు. అందులో తన గొంతే రికార్డు చేసి పెట్టిండు. రాత్రంతా అది "హోయ్, హోయ్" అని అరుస్తూ ఉంటుంది, మా నాయన ఇంట్లో పండుకుంటడు. తెల్లవారితే ఊళ్లోకి ఉల్లిగడ్డల బండి వస్తుంది, దానికొక మైకు. పాత ఇనుము కొనేవాని బండికి ఇంకొక మైకు.

మిత్రులారా, పందిని బెదిరించడానికి మైకు దొరికింది. ఉల్లిగడ్డ అమ్మడానికి దొరికింది. పంట చేతికొచ్చే రోజుల్లో కిన్నెర భుజాన వేసుకొని వచ్చే డక్కలి తాతకు మాత్రం ఇంతవరకు దొరకలేదు. నా వ్యాసం ఈ సంగతి గురించే.

కిన్నెర అంటే మనలో చాలామందికి సినిమా వల్లనే తెలిసింది. 2021లో "భీమ్లా నాయక్" పాటలో దర్శనం మొగిలయ్య గొంతు విన్నాం. ఆయన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు, పాత పాలమూరు జిల్లా లింగాల మండలం వాడు. 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే పాలమూరు నేలమీద, నారాయణపేట జిల్లా దామరగిద్ద గ్రామానికి చెందిన దాసరి కొండప్ప బుర్రవీణ వాయిస్తారు. ఆయనకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు. పేరుకు తగ్గట్టు రెండు వాయిద్యాలకూ ఎండిన సొరబుర్రలే ప్రాణం. తీగ కదిలితే ఆ బుర్రలో గాలి కదులుతుంది. అంతకు మించి వాటికి వేరే బలం లేదు. అవి పదిమంది చుట్టూ కూర్చొని వినడానికి పుట్టిన వాయిద్యాలు.

ఒకప్పుడు ఊళ్లో రాత్రి అంటే నిశ్శబ్దం. ఆ పదిమంది యాభైమంది అయినా వినపడేది. ఇప్పుడు అట్ల కాదు. చెరువుగట్టు జాతరకు పొండి, దురాజ్‌పల్లి జాతరకు పొండి. ట్రాక్టరు మీద మనిషెత్తు డీజే బాక్సులు. వాటి పక్కన కిన్నెర వాయించడమంటే వానలో దీపం పెట్టడమే.

దూరం పోనక్కర లేదు. కిందటేడు మన కళాశాల వార్షికోత్సవానికి మనమే ఒక కిన్నెర తాతను పిలిచాం. ఆయన పక్కన వలంటీరుగా నిలబడ్డది నేనే. వేదిక మీద పెట్టింది ఒకే మైకు, అది నోటికి. కిన్నెర పొట్ట దగ్గర, మైకు మూతి దగ్గర. మైకుకు డప్పు అందింది, కిన్నెర అందలేదు. సౌండు పెంచితే "కుయ్"మని కూత పెట్టింది. ముందు వరుసల్లో ఈలలు మొదలైనయి. తాత అయిదు నిమిషాల్లో పాట తెంపేసి దిగిండు. వెంటనే డీజే మోగింది, అందరం ఎగిరినం. నేను కూడా.

వెనక మెట్ల మీద ఆయన కిన్నెరకు గుడ్డ చుట్టుకుంటూ నన్నడిగిండు: "ఇనవడ్డదా బిడ్డా?"

"ఇనవడ్డది తాతా" అన్నాను.

అది అబద్ధం. భౌతికశాస్త్రం చదివే నాకు ఎందుకు వినపడలేదో తెలుసు కూడా. ఆరుబయట ధ్వని దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మీటరు దూరంలో 65 డెసిబెల్స్ ఉన్న నాదం 8 మీటర్లకు 47 అవుతుంది. ఆ పైన గుంపులో జనం మాట్లాడుకునే చప్పుడే దాన్ని మింగేస్తుంది. ఇక ఆ కూత ఏమంటే, స్పీకరులో వచ్చిన చప్పుడు మళ్లీ మైకులోకి దూరి, పెరిగి, మళ్లీ స్పీకరులోకి పోయే తిరుగుడు. మైకు దూరంగా ఉన్నకొద్దీ సౌండు పెంచాలి, పెంచినకొద్దీ కూత. ఆ రోజు తప్పు తాత చేతిలో లేదు, కిన్నెరలో లేదు. మన ఏర్పాటులో ఉంది.

దీనికి మందు ఉంది. వాయిద్యం ఒంటికే అంటించే చిన్న పీజో బిళ్ల. కొన్ని స్ఫటికాలను ఒత్తితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనిపెట్టారు. ఆ సూత్రం మీద పనిచేసే బిళ్ల ఇవాళ ఎలక్ట్రానిక్స్ దుకాణంలో చాయ్ ఖర్చుకు దొరుకుతుంది. అది గాలిలోని చప్పుడును పట్టుకోదు, బుర్ర అదురును పట్టుకుంటుంది. కాబట్టి పక్కన డప్పు మోగినా దానికి పెద్దగా పట్టదు, కూత కూడా తక్కువ. ఒక్క జాగ్రత్త ఉంది. ఈ బిళ్లను తెచ్చి నేరుగా మామూలు మైకు రంధ్రంలో పెడితే రేకుడబ్బా మీద గీకినట్టు మోగుతుంది, మంద్రస్వరం చచ్చిపోతుంది. దాని ముందర పది లక్షల ఓముల నిరోధం చూపించే చిన్న సర్క్యూటు ఉండాలి. ఒక ఫెట్ ట్రాన్సిస్టరు, నాలుగు విడిభాగాలు, 9 వోల్టుల బ్యాటరీ ఉంటే చాలు. మన ప్రయోగశాలలో ఒక మధ్యాహ్నం పని.

మరి పెద్ద బాక్సులు వద్దా? వద్దు. ఒక్క వాటుకు మీటరు దూరంలో 90 డెసిబెల్స్ ఇచ్చే మామూలు స్పీకరు, 16 మీటర్ల దూరంలో 66 ఇస్తుంది. మనం ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకునే సౌండు కన్నా అది ఎక్కువే. అంటే పది ఇరవై వాట్ల పెట్టె ఒక వాడకట్టుకు సరిపోతుంది. కరెంటు కావాలంటారా? మందు కొట్టే బ్యాటరీ పంపు ఇవాళ ఎంతోమంది రైతుల ఇండ్లలో ఉంది. అందులో ఉండేది 12 వోల్టుల బ్యాటరీ. అది 8 ఆంపియర్-అవర్‌దైతే 96 వాట్-అవర్ల శక్తి. సగటున పది వాట్లు తాగే పెట్టెకు లెక్క ప్రకారం తొమ్మిది గంటలు వస్తుంది. పాత బ్యాటరీ సగమే ఇచ్చినా ఒక రాత్రి కథ గడుస్తుంది.

ఇక్కడ కొందరు పెద్దలు, మన అధ్యాపకుల్లో కూడా కొందరు, ఒక మాట అంటారు: "జానపదానికి కరెంటు తగిలిస్తే దాని సహజత్వం పోదా?" ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. కాని ఒక ఉదాహరణ చూడండి. పాలకొల్లులో 1969లో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకొని కర్ణాటక సంగీతం వాయిస్తానన్నప్పుడు పెదవి విరిచినవారు లేకపోలేదు. మామూలు మాండొలిన్ మీద స్వరం నిలవదు, గమకం పలకదు. కరెంటు ఆయనకు ఆ నిలకడను ఇచ్చింది. 1998లో పద్మశ్రీ వచ్చింది, మాండొలిన్ ఆయన ఇంటిపేరైంది. కచేరీ వేదికకు పనికొచ్చిన కరెంటు ఊరి రచ్చబండకు ఎందుకు మైల అవుతుంది? సినిమా పాటలో మనం విన్న మొగిలయ్య గొంతు కూడా మైకులోనుంచి వచ్చిందే కదా! వినపడితే జనం వింటారని ఆ పాటే రుజువు.

"ఉన్న మోత చాలదా, ఇంకొక మోతా?" అని ఇంకొందరు. మోత నాకూ వద్దు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రి 10 నుండి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు కూడదు. నేనడిగేది ఆ పోటీలో ఇంకొక గుర్రాన్ని దింపమని కాదు. వినాలని వచ్చిన నలభైమందికి వినపడేంత సౌండు చాలు. అయితే ఆ సౌండు తిప్పే బిరడా వాయించేవాని చేతిలోనే ఉండాలి, సౌండు సర్వీసువాని చేతిలో కాదు.

ఇది అసలు మాట. డక్కలి వారు మాదిగలకు ఆశ్రిత కులం. జాంబపురాణం చెప్పి, కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడి బతికినవారు. ఎవరి వాకిట్లో పాడాలో, ఎంతసేపు పాడాలో ఎప్పుడూ ఇంకొకరే చెప్పారు. ఇవాళ వేదిక ఎక్కించి కూడా ఎంత వినపడాలో మనమే నిర్ణయిస్తున్నాం. శాలువా కప్పినం, కిన్నెర నోరు మూసినం. సన్మానం ఇట్లనా చేసేది?

కాబట్టి విద్యార్థి సంఘానికి ఒక మనవి. ఈసారి డీజే ఒక గంట తగ్గిద్దాం. ఆ మిగిలిన డబ్బుతో భుజాన మోసుకుపోగల ఒక బ్యాటరీ పెట్టె కొందాం. పీజో బిళ్ల, సర్క్యూటు మేం చేస్తాం. మైనం మీద అంటించాలా, దారంతో కట్టాలా అన్నది మాత్రం తాతనే అడుగుదాం, కిన్నెర ఒళ్లు ఆయనకు తెలిసినంత మనకు తెలియదు. ఆ పెట్టె ఉత్సవం కాగానే బీరువాలో పడి దుమ్ము పట్టకూడదు. జాతరల కాలంలో అడిగిన కళాకారునికి ఇచ్చి పంపాలి. చెడిపోతే బాగుచేసి మళ్లీ ఇవ్వాలి. అది బాగా నడిస్తే వచ్చే ఏడు రెండోది కొని ఒక తాతకు పూర్తిగా ఇచ్చేద్దాం.

ఈ సంచిక మీ చేతికొచ్చేనాటికి మళ్లీ ఉత్సవాల ఏర్పాట్లు మొదలవుతాయి. ఆ తాతను మళ్లీ పిలవాలని నా కోరిక. పోయినసారి వెనక మెట్ల మీద అడిగిన మాటే ఆయన మళ్లీ అడిగితే, ఈసారి నేను నిజం చెప్పాలి.