కట్టకు లెక్కుంది, గుంతకు లేదు

మా కోట్‌పల్లి పేరు చెప్తే మన కాలేజీలో సగం మందికి కయాకింగ్ గుర్తొస్తుంది. వీకెండ్ వచ్చిందంటే హైదరాబాద్ నుంచి బైకులు, లైఫ్ జాకెట్లు, రీల్స్. అందరూ నీళ్లనే ఫొటో తీస్తారు. ఆ నీళ్లను ఆపుతున్న మట్టికట్టను ఎవ్వరూ తీయరు. 1960ల్లో వాగు మీద కట్టిన ప్రాజెక్టు అది, దాదాపు 9,200 ఎకరాల ఆయకట్టు. కట్ట ఎంత పొడవు, ఎంత ఎత్తు అనేది రికార్డుల్లో దొరుకుతుంది. అంత మట్టి ఏ చేన్లలోంచి తెచ్చారు, ఆ చేన్లు తర్వాత ఏమయ్యాయి అని అడిగితే మాత్రం ఊళ్లో పెద్దమనుషులు కూడా "గప్పటి ముచ్చట ఎవరికెరుక బిడ్డా" అంటారు.

నా కంప్లయింట్ అదే. చెరువు కట్ట అయినా, నది కరకట్ట అయినా, కట్టకు ఎస్టిమేట్ ఉంటుంది, బిల్లు ఉంటుంది. దానికోసం తవ్విన గుంతకు ఏమీ ఉండదు.

నేను సీఎస్ఈ, సివిల్ కాదు. అయినా ట్రెపీజియం వైశాల్యం స్కూల్లోనే చెప్పారు కదా, లెక్క వేసి చూశా. పైన 5 మీటర్ల వెడల్పు, ఎత్తు 4 మీటర్లు, రెండు పక్కలా ఒకటికి రెండు వాలు అనుకోండి. అడుగు వెడల్పు 21 మీటర్లు, అడ్డంగా కోస్తే 52 చదరపు మీటర్లు. ఒక్క కిలోమీటరు గట్టుకు 52,000 ఘనపు మీటర్లు. 10 ఘనపు మీటర్లు పట్టే టిప్పర్‌తో 5,200 ట్రిప్పులు. మీటరు లోతున తవ్వితే దాదాపు 13 ఎకరాలు. రోలర్‌తో తొక్కిస్తే మట్టి కుదించుకుపోతుంది కాబట్టి అసలు లెక్క ఇంకా పైనే.

ఏ మట్టి పడితే ఆ మట్టి పనికిరాదు కూడా. నీళ్లు ఆపాలంటే బంక ఉండాలి. అంటే చివరికి కన్ను పడేది మంచి చేను మీదే. 2022లో తాండూరు కందికి జీఐ ట్యాగ్ వచ్చినప్పుడు మా వైపు వాళ్లం అందరం స్టేటస్‌లు పెట్టుకున్నాం. ఆ కందిని పండించే నల్లరేగడి టిప్పర్‌లోకి ఎక్కగానే చట్టం దృష్టిలో "సాధారణ మట్టి" అయిపోతుంది. కందికి పేరుంది, మట్టికి లేదు.

మా దగ్గరున్నవి చెరువు కట్టలే. కరకట్టల కథ కావాలంటే గోదావరికి పోవాలి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద, భద్రాచలంలో 75.6 అడుగుల నీటిమట్టం. 2006లో శానపల్లిలంక, మొండెపులంక దగ్గర గట్లు తెగాయి. ఆ తర్వాత డెల్టా గట్లను ఎత్తు పెంచి బలపరిచారు. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులు దాటొచ్చిన వరదకు కూడా డెల్టా చాలావరకు నిలబడిందంటే అందులో ఆ గట్ల పాత్ర ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ మునగడం టీవీలో చూసినవాడికి "గట్లు వద్దు" అనడానికి నోరు రాదు. నేనూ అనను.

కానీ మట్టి దగ్గర్లో దొరికితే డీజిల్ ఖర్చు తక్కువ. అందుకని గట్టు పక్కనే తవ్వేయాలనిపిస్తుంది. డెల్టాలో చాలాచోట్ల పైన బంకమట్టి పొర, కింద ఇసుక. ఆ పైపొర మూత లాంటిది. మూత గీకేస్తే వరదప్పుడు నీళ్లు ఇసుకలోంచి గట్టు కిందుగా దూరి, అవతల ఊటలా తన్నుకొస్తాయి, వస్తూ ఇసుకను మోసుకొస్తాయి. లోపల గొట్టంలాగా ఖాళీ పడుతుంది. ఏదో ఒక రాత్రి గట్టు కూలుతుంది. సివిల్ ఫ్రెండ్స్ దీన్ని పైపింగ్ అంటారు. గట్టుకు కాపలా ఉన్న మట్టినే తీసి గట్టు మీద పోయడం అన్నమాట. బగ్ ఫిక్స్ చేయబోయి సర్వర్ పడగొట్టే బ్యాచ్ మన దగ్గరే కాదు, అక్కడా ఉంది.

మా వైపు ఇదే తంతు చెరువు కడుపులో జరుగుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసి చేలకు తోలడం మంచి ఆలోచన, దాన్ని తప్పుపట్టను. ఒండ్రు వరకే తీస్తే చెరువుకూ మేలు, చేనుకూ మేలు. జేసీబీ ఎట్లాగూ వచ్చింది కదా అని అడుగున గట్టి బంక పొరను కూడా చీలిస్తే చెరువులో నీళ్లు నిలవవు. పైగా నిలువు గోడల గుంతలు మిగులుతాయి. ఎండాకాలం అందరికీ కనిపిస్తాయి, ఒక్క వాన పడ్డాక ఎవరికీ కనిపించవు. ఈతకు దిగిన పిల్లలు, నీళ్లకు పోయిన బర్రెలు... జిల్లా ఎడిషన్‌లో మూలకు ఉండే ఆ నాలుగు లైన్ల వార్త మీరూ చదివే ఉంటారు.

కట్ట లోపలికి బంకమట్టి అయితే పైన కప్పడానికి మొరం. మొరం అంటే గుట్ట. అనంతగిరి కొండల మీది ఎర్రనేల వాన నీళ్లను స్పాంజిలా పీల్చి నెమ్మదిగా ఊటలుగా వదులుతుంది. మూసీ పుట్టింది ఆ కొండల్లోనే. ఒక్కో గుట్టా సగం కోసిన కేకులా కనిపిస్తుంటే, కింద బోరు ఎందుకు ఎండిందని వెతకడానికి పెద్ద రీసెర్చ్ అక్కర్లేదు.

మరి చట్టం లేదా? ఉంది. గట్లు, రోడ్లు, రైల్వేలకు వాడే సాధారణ మట్టిని కేంద్రం 2000 ఫిబ్రవరిలోనే చిన్నతరహా ఖనిజం కింద చేర్చింది. 2020 మార్చి 28న, దేశమంతా లాక్‌డౌన్‌లో ఉన్నప్పుడు, రోడ్లు, పైప్‌లైన్ల లాంటి పొడవాటి ప్రాజెక్టులకు మట్టి తవ్వాలంటే పర్యావరణ అనుమతి అక్కర్లేదని నోటిఫికేషన్ ఇచ్చింది. ఎంత తవ్వొచ్చో చెప్పలేదు, ఏవి ఆ ప్రాజెక్టులో సరిగ్గా నిర్వచించలేదు. 2024 మార్చి 21న సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. అంటే నాలుగేళ్ల పాటు ఆ మట్టి ఊరికే పోయినట్టే. అప్పట్లో మనం ఆన్‌లైన్ క్లాసుల్లో మ్యూట్‌లో ఉన్నాం.

నెదర్లాండ్స్‌లో 1995లో నదులు పొంగితే రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించారు. వాళ్లకీ గట్లే దిక్కు, గట్లకు బంకమట్టే కావాలి. అక్కడ రైన్ నది పాయల వెంట కొన్నిచోట్ల మట్టిని చదరంగా కాకుండా, నది పాత కాలువ ఎలా వంపులు తిరిగిందో అలాగే తవ్వారు. ఆ గుంతలే ఇప్పుడు పక్షులుండే తడి నేలలు, వరదొస్తే నీళ్లకు అదనపు దారి. మనకంటే డబ్బున్న దేశం, నిజమే. కానీ గుంత ఆకారం ముందే గీసుకోవడానికి ఎంత డబ్బు కావాలి? పైమట్టిని పక్కకు తీసి పెట్టి, పనయ్యాక మళ్లీ పరచమని టెండర్‌లో ఒక లైన్ రాయడానికి? అంచులు పశువు ఎక్కి రాగలిగేంత వాలుగా వదలమనడానికి?

కట్ట డ్రాయింగ్ పక్కన గుంత డ్రాయింగ్ కూడా ఉండాలి. సర్వే నంబరు, లోతు, ఎప్పుడు పూడుస్తారు, అన్నీ గ్రామ పంచాయతీ గోడ మీద రాయాలి.

రాయకపోతే మనం కొలవొచ్చు. సెంటినెల్-2 ఉపగ్రహం ఫొటోలు ఫ్రీ, ఒక్కో పిక్సెల్ 10 మీటర్లు. నేను చెప్పిన 13 ఎకరాల గుంత అందులో 500 పిక్సెల్స్ పైనే వస్తుంది. వానాకాలం మబ్బుల వల్ల ఏమీ కనిపించదు. జనవరి నుంచి మే వరకు ఆకాశం క్లియర్‌గా ఉంటుంది, టిప్పర్లు తిరిగేదీ అప్పుడే. మినీ ప్రాజెక్టుకు టాపిక్ దొరకలేదని గ్రూపులో ఏడుస్తున్నవాళ్లు నాకు మెసేజ్ చేయండి, పైథాన్ వస్తే చాలు.